అడగని త్యాగం

మా అమ్మకి నాలుగు శాలువాలున్నాయి. నాలుగూ 2024లో కప్పినవే. నాన్న పోయిన మరుసటి ఏడాది అది. ఇరవై నాలుగేళ్లు సైన్యంలో పనిచేసి, హవల్దారుగా రిటైరై, ఊరికొచ్చి మరో ఇరవయ్యేళ్లు బతికి, గుండెజబ్బుతో ఇంట్లోనే మంచం మీద పోయాడాయన. ఆయన సభ్యుడిగా ఉన్న మాజీ సైనికుల సంఘం వాళ్లు ఆ ఏడాది ఏ సమావేశం జరిగినా అమ్మకి కబురు చేశారు. అమ్మకి తోడు నేను. గిద్దలూరు, కంభం, మార్కాపురం... ఫంక్షన్ హాళ్లలో, బడి ఆవరణల్లో, ఒకసారి చెరువు గట్టు కింద తోటలో, వెనక వరస కుర్చీల్లో కూర్చుని చూసిన ఏడాది గురించే ఈ వ్యాసం.

మొదటిది జనవరి 14, మాజీ సైనికుల దినం. భారత సైన్యానికి మొదటి భారతీయ అధిపతి కరియప్ప 1953లో ఆ రోజే పదవీ విరమణ చేశారు. ఆ గుర్తుగా ఈ దినం జరుపుతున్నారు. మాకది భోగి కూడా. తెల్లారి మంట వేసి, తలంట్లు పోసుకుని, అమ్మా నేనూ బస్సెక్కాం. మైకులో ఆమె పేరు పిలిచి, ముందు "వీరనారి" అని చేర్చారు. శాలువా కప్పుకుని వచ్చి కూర్చున్నాక నా చెవిలో అడిగింది: "నేనేం యుద్ధం చేసినాననే పాపా?"

సైన్యం భాషలో ఆ మాటకి కచ్చితమైన అర్థం ఉంది. పోరులో చనిపోయిన సైనికుడి భార్య. మా అమ్మకది వర్తించదు. కానీ సంఘంలోని మగవాళ్లకి ఆ తేడా పట్టలేదు. వితంతువుని గౌరవించడానికి వాళ్ల దగ్గర ఉన్న మాట అదొక్కటే. మామూలు వితంతువుకి మన సమాజం ఇచ్చే మాటలేవో మనకు తెలుసు కాబట్టి, ఆ పొరపాటుని వెంటనే తప్పు పట్టలేకపోయాను. పండగపూట ఒక భర్త లేని ఆడమనిషిని వేదిక ఎక్కించి దండం పెట్టే చోటు మా ప్రాంతంలో ఇంకెక్కడుంది?

మా పశ్చిమ ప్రకాశం నుంచి ఇంతమంది సైన్యానికి ఎందుకు పోయారో చెప్పుకోవాలి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు కర్నూలు నుంచి విడదీసి కలిపిన తాలూకాలు మావి. నల్లమల పక్కనే ఉన్నా వాన రాదు. కంభం చెరువు పాత కీర్తి తప్ప చాలా ఊళ్లకి సాగునీరు లేదు. బోరు వేస్తే ఫ్లోరైడు. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ కోసం ఒక తరం ఎదురుచూస్తూనే ముసలిదైంది. మార్కాపురం పలకల గనులు కొంతకాలం అన్నం పెట్టాయి. పిల్లలు పలకలు మానేశాక అదీ తగ్గింది. ఇక మిగిలింది పదో తరగతి, పరుగు పందెం, సైనిక ఎంపిక. వేదికల మీద "దేశభక్తి గడ్డ" అంటున్నప్పుడల్లా నాకు ఎండిన బోర్లే గుర్తొచ్చాయి. భక్తి అబద్ధమని కాదు. దానికంటే ముందు ఆకలి ఉందని.

ఏడాది పొడుగునా సమావేశాల తీరు ఒకటే. జెండా, మౌనం, ఉపన్యాసాలు, పింఛను సమస్యలు, భోజనాలు. జులై 26న కార్గిల్ విజయానికి పాతికేళ్లు. ఆ యుద్ధంలో చనిపోయిన 527 మంది సైనికుల కోసం నిలబడ్డప్పుడు, నిజంగా కళ్లు తుడుచుకున్న ముసలివాళ్లని చూశాను. కార్తీకంలో వనభోజనం. డిసెంబరు 7న పతాక దినం, 16న 1971 విజయ దినం. ఈ మగవాళ్ల మీద నాకు కొత్తగా కలిగిన భావం జాలి కాదు, ఒక రకమైన అర్థం చేసుకోవడం. సర్వీసంతా సెలవు దినాల లెక్కలో ఇంటిని చూసినవాళ్లు. తిరిగొచ్చేసరికి పిల్లలు పెద్దవాళ్లయ్యారు, ఇల్లు వాళ్లు లేకుండానే నడవడం నేర్చుకుంది. వాళ్ల భాష తెలిసినవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. ఇంట్లో నోరు మెదపని మా నాన్న ఇక్కడ హిందీలో జోకులేసేవాడని నాకు ఆయన పోయాకే తెలిసింది.

వెనక వరసల్లో మాత్రం ఇంకో సమావేశం జరిగేది. సభ్యుల రిజిస్టరు ఒకసారి నా చేతికొచ్చింది. అందులో భార్యల పేర్లు లేవు. భర్త చనిపోతే ఆయన పేరు పక్కన బ్రాకెట్లో ఆమె పేరు రాస్తారు. అంటే సంఘంలో ఆడమనిషి ఉనికి వైధవ్యంతో మొదలవుతుంది. బతికున్న భర్తల భార్యలు వడ్డిస్తారు, లేదా వింటారు.

అమ్మ కథ ఆ వరసలోని మిగతా ఆడవాళ్ల కథే. ఇరవై నాలుగేళ్ల కాపురంలో క్వార్టర్స్‌లో కలిసున్నది మూడేళ్లు. మిగతా కాలమంతా మెట్ట చేను, కంది, సజ్జ, నీళ్ల బిందెలు, మంచాన పడ్డ అవ్వ, మేం ముగ్గురం. నాన్న పంపే మనియార్డరు అబ్బ పేరు మీద వచ్చేది. ఉప్పుకీ చింతపండుకీ ఆయన్ని అడగాలి. అమ్మ పేరు మీద ప్రభుత్వం సొమ్ము మొదటిసారి పడింది నాన్న చచ్చిపోయాక. పింఛను కాగితాల్లో ఆమె పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉండటంతో అదీ ఏడు నెలలు ఆలస్యంగా. భర్తకి ఇంత సేవ చేసిన ఆమె ఎవరో రుజువు చేసుకోవడానికి ఏడు నెలలు!

ఇక్కడే నా ప్రశ్న. త్యాగం అంటే తనదైన దాన్ని తెలిసి, ఇష్టపడి వదులుకోవడం. అమ్మని ఎవరడిగారు? పెళ్లి చూపుల్లో "పిల్లోడు మిలిట్రీ" అన్నారు, అంతే. అడగకుండా తీసుకున్న దాన్ని త్యాగం అనడం, తీసుకున్నవాళ్లకి సౌకర్యం. ఆ మాటతో బాకీ కాస్తా కానుక అయిపోతుంది. బాకీని తీర్చాలి, కానుకకి దండం పెడితే చాలు. శాలువా చేసే పని అదే.

గౌరవం వెనక ఉండే షరతులు చట్టాల్లో ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. శౌర్య పతకం పొందిన సైనికుడు చనిపోతే, పతకంతో వచ్చే నెలవారీ భత్యం భార్యకి ఇస్తారు. ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆగిపోయేది. 1995లో సడలించారు. ఎలా? చనిపోయిన భర్త తమ్ముణ్ణో అన్ననో చేసుకుంటే కొనసాగుతుందని. 2017 నవంబరులో గానీ ఆ షరతు తీసేయలేదు. అంటే అన్నాళ్లూ రాజ్యం గౌరవించింది ఆమెని కాదు, ఆ ఇంటిపేరులో ఆమె ఉండిపోవడాన్ని.

ఈ మాటలు ఒక సెమినారులో చెప్తే ఒక స్నేహితురాలు నిలదీసింది. "యుద్ధాన్ని వ్యతిరేకించేదానివి, ఆ సభలకి ఎందుకు పోతున్నావు? నీ హాజరే ఆమోదం కదా." వర్జీనియా వుల్ఫ్ 1938లో 'త్రీ గినీస్' రాస్తూ స్త్రీలకి బయటివాళ్ల సంఘాన్ని ఊహించింది. మగవాళ్ల యుద్ధ వేడుకల్లో పాలుపంచుకోకుండా దూరంగా నిలబడే సంఘం. నాకిష్టమైన ఆలోచన. కానీ దూరంగా నిలబడటానికి కాళ్ల కింద సొంత నేల ఉండాలి. వుల్ఫ్‌కి మేనత్త ఆస్తి కలిసొచ్చింది. నా ఎమ్మే ఫీజు, హైదరాబాదు హాస్టలు, పిహెచ్‌డిలో ఫెలోషిప్ రాని నెలలు... అన్నీ నాన్న పింఛను. నా యుద్ధ వ్యతిరేకత ఆ డబ్బుతో చదువుకున్నదే. ఆ మాట దాచిపెట్టి నేను స్వచ్ఛంగా మాట్లాడితే, అమ్మ శ్రమని దాచిన వేదికకీ నాకూ తేడా ఏముంటుంది?

పైగా ఆ పింఛను ఇప్పుడు అందరికీ లేదు. 2022లో వచ్చిన అగ్నిపథ్‌లో నాలుగేళ్ల సర్వీసు. నలుగురిలో ఒకరినే కొనసాగిస్తారు, మిగతావాళ్లకి పింఛను లేదు. సమావేశాల్లో మగవాళ్లు దీన్ని కొడుకుల ఉద్యోగ సమస్యగా మాట్లాడారు. వెనక వరసలో ఒక పెద్దమ్మ ఇంకోలా అంది: "మొగుడు పోయినాకైనా నా పేరు మీద నాలుగు రూపాయలొస్తాండాయి. రేపు కోడలికి అదీ లేదు గదా!"

బయల్దేరే ముందు నా సిద్ధాంతం నాకు స్పష్టంగానే ఉంది: అడగలేదు కాబట్టి త్యాగం కాదు. నవంబరులో ఆ స్పష్టత పోయింది. పింఛనుదారులు ఏటా ఇచ్చే జీవన ధ్రువీకరణ కోసం సంఘం వాళ్లు ఒక పూట అందర్నీ కూర్చోబెట్టారు. నేను ఫారాలు నింపుతున్నాను. వేలిముద్రలు అరిగిపోయి యంత్రానికి అందని ఆడవాళ్లు, చేతులు మళ్లీ మళ్లీ చీరకి తుడుచుకుంటున్నారు. ఇంటికొచ్చేటప్పుడు బస్సులో అమ్మతో అన్నాను, నిన్నెవరూ అడగలేదు, నీది త్యాగం అనడం అన్యాయమని. అమ్మ కాసేపు కిటికీలోంచి చూసింది. "అడగలేదు, నిజమే. చేసింది నేనే గదా? అదీ కాదంటే నాకింకేం మిగుల్తాది?"

ఎనిమిదేళ్ల పరిశోధనలో ఎవరూ నన్నలా ఆపలేదు. ఆమెని బాధితురాలిగా నిరూపించే తొందరలో, ఆ ఇరవై నాలుగేళ్ల కర్తృత్వాన్ని నేనూ ఆమె నుంచి లాక్కుంటున్నాను. వేదిక ఆమెని వీరనారి అంది. నేను అణిచివేయబడ్డ స్త్రీ అన్నాను. ఇద్దరమూ ఆమెని అడగలేదు. మొదలు ఆమె చేతిలో లేకపోవచ్చు. ప్రతి తెల్లారి లేచి బిందె ఎత్తడం మాత్రం ఆమె చేసిందే. బలవంతంగా మొదలైన జీవితంలో కూడా మనిషి తనదంటూ కొంత చేసుకుంటుంది. దాన్ని ఒప్పుకుంటే అన్యాయం చిన్నదైపోదు. బాకీ ఇంకా పెద్దదవుతుంది, ఎందుకంటే తీసుకున్నది ఒట్టి కాలాన్ని కాదు, ఒక మనిషి పనిని.

అలాంటప్పుడు గౌరవం ఎలా ఉండాలి? అది లెక్కలో మొదలవ్వాలి అనుకుంటున్నాను. ఎవరు ఏం చేశారో చేసినవాళ్ల పేరు మీద, వాళ్లు బతికుండగా రాయడం. డిసెంబరు సమావేశంలో అమ్మ మైకు అడిగింది. రెండే మాటలు మాట్లాడింది. పుస్తకంలో ఆడోళ్ల పేర్లు మొగుళ్లు ఉన్నప్పుడే రాయండి, చేయెత్తేటప్పుడు మావీ లెక్కబెట్టండి అని. చప్పట్లు కొట్టారు. ఆలోచిద్దామన్నారు. పేర్లు రాయడానికి ఒప్పుకున్నారు, ఓటు సంగతి తర్వాత అన్నారు. నాలుగో శాలువా ఆ రోజుదే.

శాలువాలు అమ్మ పెట్టెలో పెట్టలేదు. చలికాలం రెండు మేం కప్పుకున్నాం, ఒకటి పనికొచ్చే పిల్లకిచ్చింది. నాలుగోది తనే వాడుతోంది. ఈ ఏడాది నవంబరులో ఫారాలు నింపడానికి మళ్లీ రమ్మంది. వెళ్తాను. రిజిస్టరు కూడా అడిగి చూస్తాను.