ఆడపంది వేట: గోల్డింగు నవలలో అమాయకత్వం ప్రశ్న

మనిషి స్వభావతః దుర్మార్గుడు అనే వాదానికి సాహిత్యం నుంచి సాక్ష్యం తెమ్మంటే చదువుకున్నవాళ్ళు ముందుగా తెచ్చేది విలియం గోల్డింగు నవల ‘లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్’. ఈగల ప్రభువు అని ఆ పేరుకు అర్థం. 1954లో వెలువడిన ఈ చిన్న నవల అనేక దేశాల్లో పాఠ్యగ్రంథమైంది. రచయితకు 1983లో నోబెల్ బహుమతి వచ్చింది. అణుయుద్ధం జరుగుతున్న కాలంలో ఇంగ్లీషు పిల్లల్ని తరలిస్తున్న విమానం కూలి, పెద్దవాళ్ళు లేని ఒక ద్వీపం మీద ఆ పిల్లలు చిక్కుబడతారు. మొదట సభ పెట్టుకుని నాయకుణ్ణి ఎన్నుకుంటారు. కొన్నాళ్ళకు తమలో ఇద్దర్ని చంపి, మూడోవాడి ప్రాణం మీదికి వస్తారు. ఇది చదివిన విద్యార్థి తరచు అనే మాట ఒకటుంది: “పోలీసు లేకపోతే మనిషి ఇంతేనండి.” ఈ మాట వెనకనే ఇంకో మాట వస్తుంది: “అందుకే మీరు చెప్పే సమసమాజం రాదు.”

ఈ తీర్పు నవల ఇచ్చిందా, లేక నవల పేరు చెప్పి మనం ఇచ్చుకున్నామా అన్నది నా ప్రశ్న. దీనికి జవాబు ఎనిమిదో అధ్యాయంలో ఉన్న ఆడపంది వేటలో దొరుకుతుందని నా అభిప్రాయం. నవల అంతా ఆ దృశ్యం దగ్గర మలుపు తిరుగుతుంది. అంతకు ముందు పిల్లలు తప్పులు చేస్తారు. ఆ తరవాత నేరాలు చేస్తారు.

ముందు దృశ్యం చూద్దాం. మధ్యాహ్నపు ఎండలో, చెట్ల నీడన, ఒక పెద్ద ఆడపంది పిల్లలకు పాలిస్తూ పడుకుని ఉంటుంది. జాక్ అనే కుర్రవాడు మంద మొత్తంలోంచి దాన్నే ఎంచుతాడు. చెక్కిన కర్రలతో పిల్లలు దాని మీద పడతారు. అది రక్తం ఓడుతూ అడవంతా పరుగెత్తుతుంది, వాళ్ళు నెత్తుటి జాడ పట్టుకుని తరుముతారు. సీతాకోకచిలుకలు ఎగిరే ఒక ఖాళీ స్థలంలో అది కూలుతుంది. రోజర్ తన బల్లెం మొన దిగటానికి దాని ఒంటి మీద చోటు వెతికి, బరువంతా వేసి నొక్కుతాడు. జాక్ గొంతు కోస్తాడు. తరవాత ఇద్దరు పిల్లలు ఆ పంది చావును నటించి చూపిస్తే మిగిలినవాళ్ళు కళ్ళ వెంట నీళ్ళు వచ్చేలా నవ్వుతారు. చివరికి రెండు వైపులా చెక్కిన కర్రను భూమిలో పాతి, పంది తలను దానికి గుచ్చి, కొండ మీద ఉందని తాము భయపడుతున్న ‘మృగానికి’ కానుకగా వదిలిపెట్టి పోతారు.

ఈ వేటను గోల్డింగు కామోద్రేకపు భాషలో వర్ణించాడని విమర్శకులు చాలామంది గుర్తించారు. నాకు ముఖ్యంగా తోచే విషయం ఇంకొకటి. ఆ ద్వీపం మీద ఆడపిల్ల ఒక్కతీ లేదు. నవల వర్ణించే ఏకైక స్త్రీశరీరం ఆ పందిది, మనం చూసే ఏకైక తల్లి కూడా అదే. మగపిల్లల దండు తాను దండునని నిరూపించుకోవటానికి మొదట తల్లినే ఎంచుకుంది. దీన్ని కేవలం మాంసం కోసం చేసిన పని అనటానికి వీల్లేదు. ద్వీపం నిండా పళ్ళున్నాయి. పైగా వేటే జీవనాధారమైనవాడు పాలిచ్చే తల్లిని చంపి రేపటి మందను నాశనం చేసుకోడు.

భారతం ఆదిపర్వంలో పాండురాజు జంటగా కూడిన లేళ్ళను కొడతాడు. లేడి రూపంలో ఉన్న కిందముడనే మునికీ రాజుకూ వాదం జరుగుతుంది. వేట రాజధర్మమని రాజు అంటాడు. నువ్వు వేటాడటం కాదు, ఆ సమయంలో కొట్టటం అధర్మమని ముని అంటాడు. చంపటంలోనూ ఒక హద్దు ఉందని, దాన్ని వేటగాడు ఎరిగి ఉండాలని పాత సమాజం నమ్మింది. గోల్డింగు పిల్లలు దాటింది ఆ హద్దునే. ఐతే ఎట్లా దాటారు? ఎప్పుడు దాటారు?

నవలలో ఇది మొదటి వేట కాదు. మొదటి అధ్యాయంలోనే ఒక పందిపిల్ల తీగల్లో చిక్కుకుంటుంది. జాక్ కత్తి ఎత్తుతాడు, కాని చెయ్యి దిగదు. ప్రాణమున్న మాంసంలోకి కత్తి దిగటమనే ఊహే అతన్ని ఆపుతుంది. పంది పారిపోతుంది, ఇతడు సిగ్గుపడి కత్తిని చెట్టుకు గుచ్చుతాడు. తరవాత ఒంటరిగా అడవిలో జాడలు వెతికి విఫలమవుతాడు. ముఖానికి రంగులు పూసుకున్నాకే, ఆ ముసుగు వెనక సిగ్గు పోయాకే అతనికి మొదటి వేట చిక్కుతుంది. ఆ వేటకు పోయిన సమయంలోనే కొండ మీద సంకేతపు మంట ఆరిపోయి, దూరాన పోతున్న ఓడ వీళ్ళను చూడకుండా వెళ్ళిపోతుంది. పుట్టుకతో హంతకుడైనవాడికి ఇన్ని మెట్లు అవసరం లేదు. హత్య నేర్చుకునే విద్య అయినప్పుడే మెట్లు కావాలి.

రోజర్ విషయం కూడా ఇంతే. నాలుగో అధ్యాయంలో అతడు ఒక చిన్నపిల్లవాడి మీదికి రాళ్ళు రువ్వుతాడు, కాని కావాలనే తగలకుండా రువ్వుతాడు. తల్లిదండ్రులు, బడి, పోలీసు, చట్టం కంటికి కనిపించకుండా అతని చేతిని పట్టుకుని ఉన్నాయని రచయితే చెబుతాడు. పదకొండో అధ్యాయంలో అదే చెయ్యి పిగ్గీ మీదికి బండ దొర్లిస్తుంది. రెండింటికీ నడుమ ఉన్నది ఆడపంది వేట.

ఆ వేట ఏ సమయాన జరిగిందో చూస్తే విషయం మరింత స్పష్టమవుతుంది. అదే రోజు జాక్ శంఖం ఊది సభ పిలుస్తాడు. రాల్ఫ్ పిరికివాడనీ, నాయకుడిగా పనికిరాడనీ ఆరోపించి, అతన్ని తొలగించాలనేవాళ్ళు చేతులెత్తమంటాడు. ఒక్క చెయ్యీ లేవదు. ఏడుస్తూ సభ విడిచిపోతాడు. తనతో వచ్చిన కొద్దిమందితో, వేటాడి విందు చేద్దాం, మృగానికి ఒక వాటా వదులుదాం, అప్పుడది మన జోలికి రాకపోవచ్చు అంటాడు. ఎన్నికలో ఓడినవాడు తరవాతి గంటల్లో చేసిన పని ఇది. కనక ఆ వేట కొత్త రాజ్యానికి శంకుస్థాపన. మాంసం దాని ఖజానా, మృగభయం దాని మతం, రంగుల ముఖం దాని యూనిఫారం. విందులో జాక్ పూలదండలు వేసుకుని విగ్రహంలా కూర్చుని మాంసం పెట్టిస్తాడు, ఆ తరవాత నా జట్టులో చేరేదెవరని అడుగుతాడు. పొద్దున చేతులెత్తని పిల్లలే ఇప్పుడు చేరతారు. తిండి పంచే అధికారం ఓటును ఎట్లా జయిస్తుందో ఇంతకంటె సూటిగా చెప్పిన కథలు తక్కువ.

ఇంకొంచెం వెనక్కి పోదాం. జాక్ ద్వీపానికి ఒంటరిగా రాలేదు. నల్లటి అంగీలు తొడుక్కుని, బారులు తీరి, అతని ఆజ్ఞ ప్రకారం నడిచే చర్చి గాయక బృందంతో వచ్చాడు. బడిలో తాను పెద్దను కనక ఇక్కడా నాయకత్వం తనదేనన్నాడు. ఎన్నికలో ఓడినప్పుడు, ఊరడింపుగా, ఆ బృందం నీదేనని రాల్ఫ్ ఒప్పుకున్నాడు. ఆ బృందమే వేటగాళ్ళ దండు అయింది. మరోపక్క పిగ్గీ ఉన్నాడు: మిఠాయి కొట్టు నడిపే మేనత్త పెంచిన పిల్లవాడు, ఉబ్బస రోగి, మాట్లాడే తీరు వల్లే తక్కువవాడని తెలిసిపోయేవాడు. అతని అసలు పేరేమిటని నవల ముగిసేవరకూ ఎవడూ అడగడు. ఈ అంతరాలు అడవి నేర్పినవి కావు. బడి నుంచి, ఇంటి నుంచి పిల్లలు మోసుకొచ్చినవి. కనక ద్వీపం మీద పోయిందని చెప్పే అమాయకత్వం విమానం ఎక్కేటప్పటికే సగం పోయింది.

సమాజంలోని లోపాల మూలాలు మానవ స్వభావంలోని లోపాల్లో ఉన్నాయని చూపటమే తన ఉద్దేశమని గోల్డింగు స్వయంగా చెప్పుకున్నాడు. ఆయన యుద్ధంలో బ్రిటిషు నౌకాదళంలో పనిచేశాడు, 1944 నార్మండీ దాడిలో పాల్గొన్నాడు, మగపిల్లల బడిలో పాఠాలు చెప్పాడు. ఆయన నిరాశ చవకబారుది కాదు. ఆయన తిరగరాసింది బాలంటైన్ 1850ల చివర రాసిన ‘కోరల్ ఐలండ్’ను. అందులోనూ రాల్ఫ్, జాక్ అనే పిల్లలున్నారు, అందులోనూ ఒక ముసలి ఆడపందిని చంపుతారు, కాని దాని తోలుతో బూట్లు కుట్టుకోవటానికి! ఆ పుస్తకంలో దుర్మార్గమంతా నల్లవాళ్ళదీ సముద్రపు దొంగలదీ. ఇంగ్లీషు పిల్లవాడు పవిత్రుడు. ఈ సామ్రాజ్యవాద ఆత్మస్తుతిని గోల్డింగు బద్దలు కొట్టాడు. అందుకు ఆయనకు మనం కృతజ్ఞులం. ఐతే ఇంగ్లీషువాడి నేరాన్ని ఇంగ్లీషువాడి మీద నిలపకుండా మనుష్యజాతి మొత్తానికి పంచిపెట్టాడు. పిల్లలు క్రూరులైనప్పుడు వాళ్ళను పిలవటానికి ఆయనకు దొరికిన మాట మళ్ళీ ‘అనాగరికులు’ అన్నదే.

చరిత్రలో ఒక ఉదాహరణ ఉంది. 1965లో టోంగా దేశపు బడిపిల్లలు ఆరుగురు పడవలో పోయి తుఫానులో చిక్కి, అటా అనే నిర్జన ద్వీపం మీద దాదాపు 15 నెలలు బతికారు. నిప్పు ఆరకుండా కాపాడుకున్నారు. ఒకడి కాలు విరిగితే మిగిలినవాళ్ళు కట్టు కట్టి, అతని పని కూడా తామే చేశారు. 1966లో ఒక ఆస్ట్రేలియా నౌక వాళ్ళను రక్షించింది. దీన్ని బట్టి మానవ స్వభావం మంచిదని నేననను. ఆరుగురి అనుభవంతో మనుష్యజాతి మీద తీర్పు చెప్పటం కూడా గోల్డింగు పద్ధతే అవుతుంది. నేను చెప్పేది ఇంతే: ద్వీపం ఒక్కటే మనిషిని వేటగాణ్ణి చెయ్యదు. ఆ అటా ద్వీపం నిర్జనం కావటానికి కారణం కూడా ఒక వేటే. 1863లో బానిసల కోసం వచ్చిన ఓడ అక్కణ్ణించి నూరుమందికి పైగా మనుషుల్ని ఎత్తుకుపోయింది. మిగిలినవాళ్ళను టోంగా రాజు వేరేచోటికి తరలించాడు. మనుషుల్ని వేటాడిన ఆ దండును పంపింది అడవి కాదు, వర్తకం.

ఇక్కడ మనవాళ్ళు తేలిగ్గా దాటెయ్యకూడని విషయం ఒకటుంది. ఆ పిల్లలు నవ్వారు. జాక్‌కు అధికారం కావాలి, సరే. మిగిలినవాళ్ళకు ఆ నవ్వు ఎక్కణ్ణించి వచ్చింది? గుంపుగా ఒక ప్రాణి మీద పడటంలో మనిషికి ఆనందం కలగగలదని ఒప్పుకోవాలి. దోపిడీ పోతే అదీ దానంతటదే పోతుందని చెప్పటం భౌతికవాదం కాదు, భక్తి. 1936 నుంచి 1938 వరకు మాస్కోలో జరిగిన విచారణల్లో నిన్నటి సహచరుల్ని వెంటాడినప్పుడు ఎగిరింది ఎర్రజెండాయే. కాని కలగగలదు అనటం వేరు, స్వభావమే అది అనటం వేరు. పందిపిల్ల మీదికి దిగని కత్తి కూడా మనిషి చేతిలోదే. వేటలో పాల్గొనలేదని జాక్ పిగ్గీకి మాంసం పెట్టకపోతే తన ముక్క తీసి ఇచ్చిన సైమనూ మనిషే. రెండు శక్తులూ ఉన్నాయి. ఏ శక్తికి అనుమతి ఇచ్చి, తిండి పెట్టి, పేరు ప్రతిష్ఠలు కట్టబెడతామన్నది సంఘం చేసే పని. అందుకు బాధ్యత కూడా ఉంటుంది.

ఆ బాధ్యతను చెరిపే మాట ఎవరు పలుకుతారో గమనించండి. చెడుగు మీలోనే ఉంది, దాన్ని వేటాడలేరు, పరిస్థితులు ఇట్లా ఉండటానికి కారణం అదే అనే సిద్ధాంతం నవలలో వినిపించేది కర్రకు గుచ్చిన పంది తల నోట. సైమన్ భ్రాంతిలో అది మాట్లాడుతుంది. దీన్ని నవల సందేశమని చాలామంది ఉదహరిస్తారు. కాని ఆ తల ఎవరిది? వేటకు బలైన తల్లిది. దాన్ని అక్కడ నిలబెట్టింది ఎవరు? చంపినవాళ్ళు. చచ్చినదాని నోట చంపినవాళ్ళకు అనుకూలమైన తత్త్వం పలుకుతోంది. అందరూ దోషులే ఐతే జాక్ విడిగా జవాబు చెప్పక్కర్లేదు. కొండ మీది మృగం పారాచూటుకు చిక్కిన శవమేనని చూసి చెప్పటానికి వచ్చిన సైమన్‌ను విందు నాటి రాత్రి చంపటంలో కూడా అర్థం ఇదే. భయానికి ఆధారం లేదని తెలిస్తే భయం మీద కట్టిన రాజ్యం నిలవదు.

ఈ చర్చ మనకు ఎందుకు? 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో దళితుల్ని పొలాల వెంట తరిమి చంపారు. అటువంటి సందర్భాల్లో మూక ఉన్మాదమనీ, మనిషిలోని మృగం లేచిందనీ రాసేవాళ్ళు పంది తల భాష మాట్లాడుతున్నారు. ఆ మాటలో భూమి లేదు, కులం లేదు, బల్లెం పట్టినవాడి పేరు లేదు.

కనక తరగతిలో ఈ నవల చెప్పే అధ్యాపకులకు నా మనవి. వేట దృశ్యాన్ని విడదీసి, మానవ స్వభావానికి నమూనాగా చూపకండి. దానికి ముందున్న ఓటును, తరవాత ఉన్న విందును కలిపి చదివించండి. ఆ రోజు ఓడింది ఎవరు, మాంసం పంచింది ఎవరు, భయం వల్ల లాభపడింది ఎవరు అని విద్యార్థుల్నే అడగండి. ఆఖరి అధ్యాయంలో రాల్ఫ్ కోసం రోజర్ మళ్ళీ ఒక కర్రను రెండు వైపులా చెక్కుతాడు. ఆ కర్ర మొదట ఎవరి మీద పనికొచ్చిందో గుర్తున్న విద్యార్థి మనుషులంతా ఇంతే అని పుస్తకం మూసెయ్యడు.