భర్త దూరమున నున్నప్పుడు

ధ్యాన భాగము: సామెతలు 31:10-12, 1 తిమోతి 5:8



గుణవతియైన భార్యను పొగడునప్పుడు సామెతల గ్రంథము మొదట చెప్పునది భర్త ఆమెయందుంచు నమ్మికను గూర్చియే. ఆ వెంటనే లాభమును గూర్చిన మాట వచ్చుచున్నది. కాబట్టి అది నోటి నమ్మిక కాదు, ఇంటి ధనమును ఆమె చేతికి అప్పగించు నమ్మిక. భర్త దూరమున నున్నప్పుడే దాని నిజము బయలుపడును.

మార్టిన్ లూథరుగారు 1525లో కేతరీనమ్మను వివాహమాడిరి. ఆయన చేతిలో డబ్బు నిలిచెడిది కాదు. తోటను, పశువులను, చేపల కుంటను, ఇంట బసచేయు విద్యార్థులను చూచుకొనుచు సంసారమును నిలిపినది ఆమెయే. 1546 జనవరిలో ఆయన బలహీనుడై యుండియు, ప్రభువుల తగవు తీర్చుటకు తన జన్మస్థలమైన ఐస్లేబెనుకు వెళ్లిరి. ఇంటియొద్ద ఆమె దిగులుతో నిద్రపోలేదు. ఆయన ఉత్తరములలో ఆమెను వేళాకోళమాడుచు, చింతను దేవునికి విడువుమని ఓదార్చిరి. ఫిబ్రవరి 14న, తనకు కానుకగా వచ్చిన చేపలను ఇంటికి పంపిరి. 18వ తేదీన ప్రభువునందు నిద్రించిరి.

అయితే అంతకంటె గొప్ప ప్రేమను ఆయన ముందే కాగితముమీద పెట్టియుండిరి. ఆ దేశపు చట్టము విధవరాలిని సంరక్షకుని చేతిక్రింద నుంచెడిది. లూథరుగారు 1542 జనవరి 6న వీలునామా వ్రాసి, పొలమును, నివాసమునకు ఇంటిని, విలువగల వస్తువులను భార్యకే ఇచ్చిరి. తమ అప్పులను దాచలేదు. తల్లి బిడ్డల చేతులవైపు చూడకూడదు, బిడ్డలే తల్లివైపు చూడవలెనని ఆయన తలంపు. తరువాత ఆ వీలునామాకు అభ్యంతరము వచ్చినను, ఏలిక దానిని స్థిరపరచెను.

ఇది చదివినప్పుడెల్ల నేను సిగ్గుపడుదును. వేదాంత పాఠశాలలో చదువు దినములలో నా భార్యకు ప్రేమతో ఉత్తరములు వ్రాసితిని, డబ్బు మాత్రము మా అన్నగారి పేర పంపితిని. బిడ్డకు జ్వరము వచ్చిన రాత్రి, మందుకు ఆమె వారి గుమ్మమున నిలిచి అడుగవలసి వచ్చెను. ఆమె నన్ను నిందింపలేదు. ఆ మౌనమే నన్ను గద్దించెను.

సహోదరులారా, పనికై పట్నమునకో గల్ఫునకో వెళ్లినవారలారా, ఫోనులో ప్రేమగా మాటలాడుట మంచిది. అయితే డబ్బు ఎవరి పేర పోవుచున్నది? మీ అప్పెంతో ఆమెకు తెలియునా? తలిదండ్రులను తప్పక పోషించుడి, కాని భార్యను ఇతరుల గుమ్మమున నిలుపకుడి. సహోదరీలారా, మీరును లెక్క దాచకుడి.

ప్రార్థన: ప్రభువా, మా మాటయు మా మూటయు ఒక్కటిగా నుండునట్లు కృపచేయుము. ఆమేన్.