రాలిన కొమ్ము చెప్పే జాడ

నల్లమల లోపల ఒక చెంచు పెంట, అంటే చెంచుల గూడెం. ఆ పెంటలో ఒక పెద్దాయన, ఆయన కూతురు, ఇల్లరికం వచ్చిన అల్లుడు ఉండేవాళ్ళు. అల్లుడు అడవి అంచున ఊళ్ళో పెరిగినవాడు. కష్టపడే మనిషి, కొండ ఎక్కడంలో దిట్ట. వచ్చిన మొదటి ఎండాకాలమే వాడికి ఒక సంపాదన దొరికింది. సంతకు వచ్చే వ్యాపారి ఒకడు కణుజు కొమ్ములు కాటా వేసి కొంటున్నాడు. వేటాడక్కర్లేదు, ఉచ్చు వెయ్యక్కర్లేదు. ఎండలు ముదిరే వేళకు మగ కణుజు కొమ్ములు వాటంతట అవే ఊడి పడతాయి. వెతికి ఏరుకోవడమే పని.

అల్లుడు పొద్దున్నే గోనెసంచి భుజాన వేసుకుని పోయేవాడు. చూపు ఎప్పుడూ నేల మీదే. మద్దిచెట్ల కింద, వెదురు పొదల పక్కన, కోనల్లో ఎండుటాకులు కాలితో జరుపుకుంటూ వెతికేవాడు. కొమ్ముతో పాటు వింతగా కనిపించిన రాయి కూడా సంచిలో పడేది. పట్నంవాళ్ళు ముచ్చటపడి కొంటారని ఆ వ్యాపారే చెప్పాడు. ఒకసారి అరచేతిలో సరిగ్గా ఒదిగే రాయి తెచ్చాడు. ఒక కొస మొన తేలి, రెండంచులా పెచ్చులు లేపినట్టుంది. ఎవరో పని పెట్టుకుని చెక్కిన రాయే అది.

పెద్దాయన దాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"ఇది ఏడ దొరికింది అల్లుడూ?"

"ఎక్కడో కోనలో మామా. ఏ కోనో ఎవరికి గుర్తు?"

"మరి కొమ్ములు?"

"అవీ అంతే. ఏడ దొరికితేనేం, బరువు బరువే కదా!"

పెద్దాయన ఇంకేమీ అనలేదు. ఆయన కూడా ఒంట్లో ఓపికున్నన్నాళ్ళూ అడవంతా తిరిగినవాడే. కొమ్ము కనబడితే కూర్చునేవాడు, తడిమి చూసేవాడు, చుట్టుపక్కల ఏ చెట్లున్నాయో చూసుకునేవాడు. కొమ్మును మాత్రం ఎక్కడిదక్కడే వదిలేసి లేచి వచ్చేవాడు.

రెండేళ్ళు గడిచాయి. మూడో ఏడు వానలు మొహం చాటేశాయి. శివరాత్రికే వాగు ఎండింది. ఉగాది దాటేసరికి పెంటవాళ్ళు తాగే చెలమలో అడుగున బురద మిగిలింది. పెద్దాయనకు మోకాళ్ళు పట్టేశాయి, కొండ ఎక్కలేడు. అల్లుణ్ణి పిలిచి కూర్చోబెట్టుకున్నాడు.

"ఎండల్లో కణుజు నీళ్ళ పట్టు వదిలి దూరం పోదు. దాని కొమ్ము ఊడేదీ ఆ ఎండల్లోనే. కాబట్టి కొమ్ము పడ్డ చోటికి దగ్గర్లోనే ఊటో గుండమో ఉంటది. ఈ రెండేళ్ళూ నువ్వు ఏరిన కొమ్ములు ఏ కోనలో ఎన్ని దొరికాయో చెప్పు. ఎక్కువ దొరికిన కోనకు పోదాం."

అల్లుడు లేచి, మంచి ధర కోసం దాచి ఉంచిన సంచి తెచ్చి బోర్లించాడు. చిటికెన వేలంత కొనలు అరిగి తెల్లబడ్డవి, మొదట్లో గరుకు గరుకుగా బొడిపెల చుట్టు తిరిగినవి, చెట్టు బెరడుకు రాసి రాసి గోధుమరంగు తేలినవి. అన్నీ కుప్పగా పడ్డాయి. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకున్నాడు. ఇది తూర్పు కోనదా, పడమటి లొద్దిదా? ఒక్కదాని సంగతీ చెప్పలేకపోయాడు. చెక్కిన రాయినీ చూశాడు. దాన్ని చెక్కిన మనిషి కూడా ఏదో నీళ్ళ ఒడ్డునే కూర్చుని ఉంటాడు. ఆ ఒడ్డు ఎక్కడిదో ఇప్పుడెవరికీ తెలియదు.

పెద్దాయన కొమ్ముల మీద వేళ్ళు పోనిచ్చాడు. "అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయే! ఏదుపంది కొరికినవి ఒక్కటీ లేవేం?"

"గాట్లు పడ్డవి వ్యాపారి కొనడు మామా. వాటిని అక్కడే విసిరికొట్టాను."

"అక్కడే అంటే ఏడ?"

ఆ చోటు అల్లుడికి బాగానే గుర్తుంది. నిట్టనిలువు చరియ ఎక్కి, ఇంత పొడవు కొమ్మని ఆశపడి తీరా చేతిలోకి తీసుకుంటే సగం కొరికిన మొద్దు. ఆ కోపం మనసులో ఉండిపోయింది, దానితో పాటు ఆ చోటూ ఉండిపోయింది.

మర్నాడు తెల్లవారకముందే పెంటవాళ్ళను నలుగురిని వెంటేసుకుని వెళ్ళాడు. మొద్దు అక్కడే ఉంది, ఇంకొంచెం అరిగి. దాని చుట్టూ ఈసారి కళ్ళు పెట్టి చూశాడు. కింద బండ పగులులో ఏదుపంది బొరియ. దానికి దిగువన ఒక మద్ది మాను, నడుమెత్తు దాకా ఎండిన బురద పూసినట్టుంది. కణుజు బురదలో పొర్లి వచ్చి ఒళ్ళు రుద్దుకున్న గుర్తు. ఆ మాను కింద తవ్వారు. మోచేతి లోతులో ఇసుక తడి తేలింది. ఇంకాస్త తవ్వితే నీళ్ళు ఊరాయి.

ఆ ఎండాకాలం పెంట ఆ చెలమతోనే గట్టెక్కింది. అల్లుడు సంచి మళ్ళీ భుజానికెత్తుకున్నాడు. "కొమ్ములన్నీ తిరిగి అడవిలోనే వేసొస్తా మామా."

"వేసిరా, ఏదులన్నా తింటాయి. జాడ మటుకు ఇక రాదు."

నీతి: అడవిలో పడి ఉన్నదంతా పారేసింది కాదు. దాని విలువలో సగం దాని దగ్గరుంటే, మిగతా సగం అది పడి ఉన్న చోటులో ఉంటుంది.

ఈ కథ కల్పించిందే. అందులోని కణుజు, ఏదుపంది, చెక్కిన రాయి మాత్రం నల్లమల ఎరిగినవే, కాబట్టి నీతిని ఇంకొంచెం వివరంగా చెప్పాలి. ఆవుకూ గేదెకూ కృష్ణజింకకూ కొమ్ము బతికినంత కాలం ఉంటుంది. దుప్పికీ కణుజుకూ అలా కాదు, పాతవి ఊడిపోయి కొత్తవి మొలుస్తాయి. వాటి కొమ్ము అచ్చమైన ఎముక. మెత్తటి నూగు చర్మం కింద నెత్తురు పారుతూ నెలల్లోనే పెరుగుతుంది. అంత వేగంగా ఎముక కట్టడానికి తిన్న మేత చాలక, ఈ జాతి మృగాలు తమ పక్కటెముకల్లోంచి కూడా కాల్షియం తీసి కొమ్ముకు పంపుతాయి. జత కట్టే కాలం ముగిసి ఒంట్లో మగ హార్మోను తగ్గాక, కొమ్ము మొదట్లో ఎముక కరిగి అది ఊడి పడుతుంది.

నేల మీద పడ్డ కొమ్ము అడవికి మేత. ఏదుపంది ముందుపళ్ళు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి, వాటిని అరగదీసుకోవడానికీ ఖనిజాల కోసమూ ఎముకలూ కొమ్ములూ కొరుకుతుంది, బొరియలోకీ మోసుకుపోతుంది. ఎలుక జాతి చిన్న ప్రాణులదీ అదే దారి. దుప్పులే రాలిన కొమ్మును నమలడమూ చూసినవాళ్ళున్నారు. ఒక మృగం తన ఎముకల్లోంచి తీసి కట్టిన కొమ్ము మళ్ళీ ఆ అడవి ప్రాణులకే చేరుతుందన్న మాట. మన దేశపు కణుజు కొమ్ము ఒకప్పుడు ఇంగ్లండులోని షెఫీల్డు దాకా ఓడలెక్కి కత్తుల పిడులైంది. అలా వెళ్ళిన ప్రతి మూటా ఏదో కొండ మీది ప్రాణుల నోటి దగ్గరిదే. ఇప్పుడు వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) కింద కొమ్ముల వ్యాపారం నేరం. వేటలో చంపిన మృగానిదైనా, దానంతటది రాలిందైనా చట్టానికి తేడా లేదు. ఆ తేడా ఒప్పుకుంటే చంపి తెచ్చిన ప్రతి కొమ్మూ రాలిందేనని చెప్పుకోవచ్చు. అందుకే ఈ కట్టుబాటు సరైనదని నా గట్టి నమ్మకం.

రాయి సంగతికొస్తే రాబర్ట్ బ్రూస్ ఫుట్‌ను తలుచుకోవాలి. భూగర్భ సర్వే ఉద్యోగి. 1863 మే 30న మద్రాసు దగ్గర పల్లావరంలో మొరం నేలలో ఆదిమానవుడు చెక్కిన రాతి పనిముట్టు గుర్తుపట్టాడు. 1880ల్లో బేతంచెర్ల దగ్గరి బిల్లసుర్గం గుహల్లో తన కొడుకుతో కలిసి తవ్వకాలు జరిపించాడు. ఆయనా ఏరుకున్నవాడే, బోలెడు రాళ్ళు ఏరాడు. కానీ ఏ రాయి ఏ ఊరి పక్కన దొరికిందో రాసిపెట్టుకున్నాడు. ఆ సేకరణను 1904లో మద్రాసు ప్రభుత్వం కొని మ్యూజియంలో పెట్టింది. 1912లో ఆయన పోయాక జాబితా అచ్చయింది, పరిశోధకులు ఇప్పటికీ దాన్ని తిరగేస్తున్నారు. అదే రాళ్ళు ఊరూ పేరూ లేకుండా ఒక పెట్టెలో మిగిలి ఉంటే ఆ జాబితా రాయడానికే వీలుండేది కాదు.

నల్లమలలో చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర జరుగుతుంది. వేలమంది అమ్రాబాద్ అడవి దారిన లొద్దిలోకి దిగుతారు. సరిగ్గా కణుజు కొమ్ములు రాలే రోజులవి. దారి పక్కన ఒకటి కనబడితే నిలబడి చూడండి, పిల్లలకు చూపించండి. కొన అరిగిందా, ఏదుపంది గాట్లున్నాయా, చుట్టూ ఉన్నవి ఏ చెట్లు, నేల తడిగా ఉందా? ఫోటో తీసుకోండి. చెక్కినట్టున్న రాయి కనబడితే దాన్ని కదపకుండా, చుట్టూ నాలుగడుగుల నేల కూడా పడేలా ఫోటో తీసి, పురావస్తు శాఖకు ఆ చోటు చెప్పండి. కొమ్ములు సంచుల్లో పోతున్నట్టు కంటబడితే అక్కడి ఫారెస్ట్ బీట్ ఆఫీసరుకు ఆ రోజే చెప్పండి.