భాషయు రాజ్యమును: ధర్మపురిలో నొక సంవాదము

పూర్వము తగడూరను పేరఁ బరగి, అదియమాన్ నెడుమాన్ అంజి యేలుబడిలో ఔవైయారు కవితకెక్కిన ధర్మపురిలో, చిరకాలము తెలుగు పాఠములు చెప్పి విశ్రాంతి గొన్న అయ్యవారికిని, ఆయనయొద్ద చదివి న్యాయవాదియైన శిష్యునకును జరిగిన సంభాషణ మిది.

శిష్యుడు: అయ్యవారూ, 1956లో భాషలను బట్టి రాష్ట్రములను పంచినపుడు హోసూరు, కృష్ణగిరి, ధర్మపురి ప్రాంతముల తెలుగువారము సేలం జిల్లాతోపాటు మదరాసు రాష్ట్రముననే నిలిచిపోతిమి. 2006 నాటి శాసనముతో ఒకటవ తరగతి మొదలుకొని ఏటికొక తరగతిగా తమిళము నిర్బంధ పాఠ్యమైనది. మన పిల్లలకు మన లిపియే చదువ రానినాడు మన జాతి యెట్లు నిలుచును?

అయ్యవారు: నాయనా, నీ బాధ నాకును గలదు. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్యను మాతృభాషలో నేర్పు సౌకర్యములు కల్పింప యత్నింపవలెనని రాష్ట్రములను ఆదేశించు 350ఏ అధికరణము 1956లోనే రాజ్యాంగమునఁ జేరినది. పదవ తరగతి పరీక్షలో తమిళమునుండి న్యాయస్థానములు మినహాయింపులు నిచ్చినవి గాని, మినహాయింపు బడికి తెలుగు పంతులును దేజాలదు. అంతవరకు నీతో నేకీభవింతును. జాతి నిలుచుటను గూర్చి నీవన్నదానితో మాత్రము ఏకీభవింపను.

శిష్యుడు: ఏల?

అయ్యవారు: ఈ శాసనము చేసినవారి భయమెక్కడిదో మొదట విచారింపుము. హోసూరు చెంత తొరపల్లిలో జన్మించిన రాజాజీయే మదరాసు ప్రధానియై 1938లో పాఠశాలలలో హిందీని నిర్బంధము చేయగా, దానినెదిరించి చెఱకేగిన నటరాజన్, తాళముత్తు అనువారు 1939లో మరణించిరి. 1940లో ఆ యుత్తరువు రద్దైనను, 1965 జనవరిలో హిందీయే ఏకైక అధికారభాష యగునను భీతితో తమిళదేశము మరల భగ్గుమనెను. కావున తమిళుని భయము నిష్కారణమైనది కాదు. అయితే అధికారము చేతికి వచ్చిన పిమ్మట ఆ భయమే తనకంటె చిన్న సమూహముపైకి మరలినది. సింహళమును జూడుము: ఆంగ్లపుఁ బెత్తనము క్రింద నలిగిన సింహళులే 1956లో తమ భాషనొక్కదానినే అధికారభాషగా శాసించి తమిళులను పరాయివారిని జేసిరి, తరువాతి యంతర్యుద్ధము 2009 వరకు చల్లారలేదు.

శిష్యుడు: అట్లయిన మనము కూడ సంఘటితులము కావలదా?

అయ్యవారు: మనమనగా నెవరు? ఈ జిల్లాలో ఇంట తెలుగు మాటలాడు అరుంధతీయులను దళితులు గలరు. 2009లో వారికి మూడు శాతము అంతర్గత రిజర్వేషను లభించినపుడు వారు బయటినుండి వచ్చినవారని తమిళవాదులలో కొందరాక్షేపించిరి. మన సంఘములు వారి పక్షమున నిలిచినవా? జనాభా లెక్కలో సంఖ్య పెరుగుటకు వారు మనవారు, సభావేదికయొద్దను పెండ్లిపందిరియొద్దను కారు. తమిళుల సంగతియు నింతే. 2012 నవంబరులో ఈ పట్టణమునకు సమీపమునందలి నత్తం కాలనీలో దళితుల యిండ్లు దగ్ధమైనవి. కాల్చినవారి భాషయు, కట్టుబట్టలతో మిగిలినవారి భాషయు తమిళమే. భాష యొక్కటైనంత మాత్రమున జనులొక్కటగుదురను మాటను ఆ బూడిదను జూచిన పిమ్మట నేను నమ్మజాలను.

శిష్యుడు: పొట్టి శ్రీరాములుగారి ఆత్మార్పణము వ్యర్థమనియా మీ యభిప్రాయము?

అయ్యవారు: ఎంతమాట! ప్రజలకర్థము కాని భాషలో పాలన సాగుట అన్యాయము. ఆ యన్యాయమును తీర్చుటకే ఆయన 1952లో ప్రాణములొడ్డెను. బడి, కచేరి, కోర్టు ఏ భాషలో నడచునో నిర్ణయించువాడే ఎవరి బిడ్డ పైకి వచ్చునో నిర్ణయించును. కావున భాష రాజకీయము కాక తప్పదు. అయితే ఆ హక్కును పిల్లవాని కొరకడుగుము, జాతి కొరకు గాదు. పిల్లవాని కొరకడిగితివా, అతనికి తెలుగుతోపాటు తమిళమును చక్కగా రావలెనని నీవే కోరుదువు. ఈ యూరి ఆస్పత్రిలో, కచేరిలో తమిళము రానివాడు మూగవాడే గదా! జాతి కొరకడిగితివా, తమిళము నీకు శత్రువై తోచును, తమిళునకు నీవు శత్రువగుదువు, నడుమ పిల్లవాడు రెండు భాషలకును చెడును.

శిష్యుడు: అయితే కోర్టులో నేనేమి వాదింపవలెను?

అయ్యవారు: తెలుగు పిల్లలున్న ప్రతి బడికి తెలుగు పంతులు, సకాలమున వాచకము, తొలి తరగతులలో తెలుగున బోధన, దానితోపాటు మంచి తమిళ బోధన. ఇంతకు మించి అడుగవలదు, ఇంతకు తక్కువ ఒప్పుకొనవలదు.

శిష్యుడు మరల ప్రశ్నింపలేదు. నాకు మాత్రము ఆంధ్ర, తెలంగాణ పాఠకులతో చెప్పవలసిన దొకటి గలదు. మన యేలుబడిలోను చిత్తూరు సరిహద్దున తమిళులు, శ్రీకాకుళమున ఒడియావారు, సవరలు, ఆదిలాబాదున గోండులు అల్పసంఖ్యాకులై యున్నారు. హోసూరు, ధర్మపురి తెలుగు బడులకై విజయవాడ, హైదరాబాదు సభలలో తీర్మానములు చేయు పెద్దలు, ఆ తీర్మానముననే చిత్తూరు తమిళ బడికి పంతులును, గోండు పిల్లవానికి గోండి వాచకమును గూడ కోరి, ఆపైన సంతకము చేయుదురు గాక.