మిగిలిన అరవై ఒకటి

మానేరుకు ఈ ఒడ్డున తంగళ్ళపల్లి, ఆ ఒడ్డున సిరిసిల్ల. నడుమ వంతెన. ఆ వంతెన దాటి బడికి పోయే పిలగాండ్లు ఇద్దరుండేవారు. ఇద్దరి బాపులూ సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బతికేవాళ్లే. ఒకడు లెక్కల్లో గట్టి. రెండోవాడు దేంట్లోనూ గట్టి కాదు గానీ, వాడి నోరు ఊరుకోదు.

పదో తరగతిలో అన్నిటికీ 35 మార్కులొస్తే పాసు, హిందీకి మాత్రం 20 చాలు. లెక్కల పిలగాడు మొదటి రోజే లెక్క తేల్చేశాడు. "ఇరవైకి ఎన్ని ప్రశ్నలు సదవాల్నో అన్నే సదువుత. మిగిలిన పొద్దు లెక్కలకు." ఇంట్లోవాళ్లూ సరేనన్నారు. ఇందులో తప్పుపట్టేదేమీ లేదు, మనలో చాలామంది చేసిన పనే.

రెండోవాడికి ఒక తాత ఉండేవాడు. వయసులో భీవండి పోయి సాంచా నడిపి వచ్చిన మనిషి. నూలు లారీలు వస్తే డ్రైవర్లకు చాయ్ మోసుకుపోవడం మనవడి పని. వాడు వాళ్లతో హిందీ మాట్లాడబోయేవాడు, వాళ్లు పకపకా నవ్వేవాళ్లు. రొట్టె ఆడదట, అన్నం మగదట! ఏ లెక్కన? తెలుగువాడికి ఈ చిక్కుముడి ఎంతకీ విడదు. బిక్కమొహం వేసుకుని ఇంటికొచ్చిన మనవడితో తాత అన్నాడు: "నవ్వనియ్యి బిడ్డా. పోగు తెగిందని సాంచ బందువెట్టి ఇంటికి పోతమా? అతుకేసి మల్ల నడుపుతం."

హిందీ పరీక్షలో ఒకడికి సరిగ్గా 20 వచ్చాయి. ఇంకొకడికి 81.

కొన్నేళ్లకు ఇద్దరూ దుబాయి పోయారు. సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల దిక్కు ఇందులో వింతేముంది? అక్కడ ఒక్క గదిలో 12 మంది. మనవాళ్లు నలుగురు, తక్కినవాళ్లు బీహారు, బంగ్లాదేశ్, పాకిస్తాన్. గదిలో నడిచేది హిందీయో, ఉర్దూయో, రెండూ కలిసిన ఇంకేదో.

ఒక రాత్రి లెక్కలవాడికి కడుపులో నొప్పి లేచింది. దవాఖానకు తీసుకుపోయారు. నర్సు కేరళ ఆమె. వచ్చినంత హిందీలో అడిగింది. "దర్ద్" అన్నాడు. అది ఆ 20 మార్కుల్లోని మాట. నొప్పి ఎక్కడ మొదలైంది, ఎక్కడికి జరిగింది? మెలిపెడుతున్నదా, పొడుస్తున్నదా? ఏ మందన్నా పడదా? ఆ మాటలన్నీ వాడు చదవకుండా తిప్పేసిన పేజీల్లో ఉండిపోయాయి. పక్కన నిలబడ్డ దోస్తు ఒక్కొక్కటీ తెలుగులో అడిగి హిందీలో చెప్పాడు. ఆడదాన్ని మగ చేసి, మగదాన్ని ఆడ చేసి, ఎన్ని తప్పులో! నర్సు నవ్వలేదు, రాసుకున్నది. తెల్లారేసరికి ఆపరేషన్ అయిపోయింది.

మూడో రోజు మంచం మీద నుంచి అడిగాడు:

"హిందీల నీకు ఎన్నొచ్చినయిరా?"

"ఎనభై ఒకటి. ఇప్పుడెందుకది?"

"నీ పాసుకు ఇరవై తీసెయ్యి. ఎన్ని మిగిలినయి?" జవాబు తనే చెప్పుకున్నాడు, లెక్కలవాడు కదా. "అరవై ఒకటి. అవి నావిరా. నా కోసం సదివినవ్."

నీతి: పాసు మార్కులు మన కోసం. ఆ పైన నేర్చిన భాష పక్కవాడి కోసం.

కథ చెప్పింది నేనే అయినా ఈ నీతితో నాకొక పేచీ ఉంది. దీన్ని విని, రెండో భాష అంటే వలసపోయేవాడి సంచిలో పెట్టుకునే సామాను అనుకుంటారేమో. ఇదే సిరిసిల్ల జిల్లాలోని హనుమాజీపేటలో 1931లో పుట్టిన కవి సినారె నిజాం కాలంలో ఉర్దూ మాధ్యమంలో చదువుకున్నారు. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ. బడి భాషను బడిలోనే వదిలేసి రాలేదాయన. ఉర్దూ గజల్‌ను తెలుగులో రాశారు, పాడారు. తెలుగు కావ్యం 'విశ్వంభర'తో 1988 జ్ఞానపీఠం అందుకున్నారు. మగ్గం తెలిసిన ఊళ్లకు విడమరచి చెప్పాలా? పడుగు ఎంత మేలుదైనా, అడ్డంగా వచ్చే పేక తగిలితేనే అది గుడ్డ.

ఇప్పుడు వరస తిరగబడింది. చాలా సీబీఎస్‌ఈ బడుల్లో పిల్లలు రెండో భాషగా చదివేది తెలుగే. 2018లో తెలంగాణ ప్రభుత్వం చట్టం తెచ్చి, బడి ఏ బోర్డుదైనా పదో తరగతి దాకా తెలుగు ఉండాల్సిందేనన్నది. మంచిదే. చట్టంతో పాఠం చెప్పించవచ్చు గానీ, ఎన్నొస్తే పాసవుతామన్న లెక్కను ఏ చట్టం మాన్పిస్తుంది? ఒకప్పుడు హిందీకి వేసుకున్న లెక్కే తెలుగుకూ వేస్తున్న పిల్లల్ని, వాళ్ల తల్లిదండ్రుల్ని చూస్తూనే ఉన్నాం.

అదలా ఉండగా, నాట్ల కాలంలో ఈ దిక్కు పొలాలకు బీహారు కూలీలు వస్తున్నారు. వాళ్లకు తెలుగు నేర్పే బడి లేదు, పరీక్షా లేదు. పొద్దుగూకాక బురద కాళ్లతో ఒక కుర్రవాడు కిరాణా కొట్టు ముందుకొచ్చి నిలబడ్డాడు. హిందీలో ఉప్పు మగది. మనసులో ఆ లెక్కే వేసుకున్నట్టున్నాడు.

"అక్కా, ఉప్పు ఉన్నాడా?"

కొట్టు ఆమె నవ్వు ఆపుకుంటూ డబ్బా మూత తీసింది.

"ఉన్నడు బిడ్డా. ఎంత గావాలె?"