తివాచీ తీశాక

కాంక్రీట్ నేలకు జిగురుతో అతికించిన పాత తివాచీని ఊడదీసే పనిలో తేలికైనది తివాచీని తీయడమే. కట్టర్‌తో మూరెడు వెడల్పు పట్టీలుగా కోసి, ఓ మూల నుంచి లాగి చుట్టేస్తే పూటలో గది ఖాళీ అవుతుంది. అసలు శ్రమ అక్కడే మొదలు. కొన్ని గదుల్లో గోడల వెంట మేకుల పట్టీలు కూడా ఉంటాయి. వాటి కింద చిన్న పలుగు దూర్చి ఎత్తితే మేకుతో పాటు కాంక్రీట్ పెచ్చు కూడా లేచి గుంట పడుతుంది. జిగురు పైపైన ఆగకుండా సన్నటి రంధ్రాల్లోకి ఇంకి ఉంటుంది. భూమిలోంచి పాకిన తేమ ఆరిన చోట తెల్లని ఉప్పు పూత కడుతుంది. కింద చెక్కుచెదరని నేల దాగి ఉందని ఆశించినవారికి దొరికేది ఏళ్ల తరబడి తివాచీని మోసిన నేల.

మనలో చాలామందిమి వేదాంతాన్ని ఆ మొదటి పూట పనిగానే అర్థం చేసుకున్నాం. అజ్ఞానం ఒక కప్పు, జ్ఞానం కలిగితే అది తొలగుతుంది, ఆపై చేయాల్సిందేమీ లేదు అంటాం. 14వ శతాబ్దంలో శృంగేరి పీఠాన్ని అధిష్ఠించిన విద్యారణ్యుడు దీన్ని ఒప్పుకోలేదు. తత్త్వజ్ఞానం, వాసనాక్షయం (మనసులో పేరుకున్న పాత సంస్కారాలు అరగడం), మనోనాశం (మనసు అణగడం) మూడూ కలిసి సాగితే తప్ప జీవన్ముక్తి, అంటే బతికుండగానే ముక్తి, నిలవదని ‘జీవన్ముక్తివివేకం’లో వాదించాడు. అందుకు ఆయన చూపిన సాక్ష్యం సామాన్యుడిది కాదు, సాక్షాత్తు యాజ్ఞవల్క్యుడిది. బృహదారణ్యక ఉపనిషత్తులో జనకుడి సభకు వచ్చిన ఆ బ్రహ్మవేత్త, వాదం మొదలుకాకముందే, బహుమానంగా ఉంచిన, కొమ్ములకు బంగారం కట్టిన వెయ్యి గోవులను తోలుకుపొమ్మని శిష్యుడికి చెప్పాడు. చివరికి ప్రశ్నల మీద ప్రశ్నలు వేసిన శాకల్యుడి తల రాలిపోయేదాకా వెళ్లింది ఆ వాదం. జ్ఞానం ఉంది, గెలవాలన్న పట్టుదల కూడా ఉంది. ఇంత పెద్ద ఋషిలో ఈ మిగులును దాచకుండా చూపడం విద్యారణ్యుడి ధైర్యం. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది ఇక్కడే.

శంకరుల మాటకు ఇది విరుద్ధం కాదా అని అడగవచ్చు. తాడు మీద పాము తోచినా తాడుకు విషం అంటదు. ఆరోపించిన దాని గుణదోషాలు అధిష్ఠానాన్ని, అంటే దానికి ఆధారమైన వస్తువును, అణుమాత్రం తాకవని ఆయన అధ్యాసభాష్యం స్పష్టంగా చెబుతుంది. నిజమే, కానీ ఆ మాట ఆత్మను గురించి. కోపం వచ్చేది మనసుకు, మరక పడేదీ దానికే. పైగా ప్రారబ్ధం (ఫలమివ్వడం మొదలుపెట్టిన పూర్వకర్మ) బలమైనది కాబట్టి త్యాగ వైరాగ్యాల సాయంతో ఆత్మస్మృతిని నిలుపుకోవాలని బృహదారణ్యక భాష్యంలో శంకరులే అన్నారు. ‘నాకు తెలుసు, కాబట్టి నా కోపం కోపం కాదు’ అనే గురువులకు శంకరుల అండ దొరకదు.

ఇంతకన్నా బరువైన ఆక్షేపణ మరొకటి ఉంది. మరకలు వెతుక్కుంటూ గీకుతూ పోతే మనసు మరింత గాయపడదా? పడుతుంది. నేల విషయంలోనూ ఈ జాగ్రత్త ఉంది. అమెరికాలో 1980లకు ముందు కట్టిన ఇళ్లలో తివాచీ కింద నల్లటి తారు జిగురు కనిపిస్తే గీకవద్దు, సానపట్టవద్దు అంటారు. అందులో ఆస్బెస్టాస్ ఉండవచ్చు, పొడి లేస్తే ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. ముందు పరీక్ష చేయించాలి. అది గట్టిగా ఉంటే కదపకుండా పైన మరో పొర వేయడమే తరచు మేలు. విద్యారణ్యుడూ వాసనలతో కుస్తీ పట్టమనలేదు. పతంజలి చెప్పిన మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్షలను అలవాటు చేసుకుంటే మలిన వాసనలు సడలుతాయన్నాడు. ఇది కప్పిపుచ్చడం కాదు, ఎందుకంటే కింద ఏముందో పరీక్షించి తెలుసుకున్నాకే ఈ పని మొదలవుతుంది. సుఖంగా ఉన్నవారిని తనవారిగా తలచే మైత్రి బలపడితే, వారి సుఖం తనదిగా తోచి, అసూయ పుట్టడానికి కారణమే ఉండదని ఆయన వివరించాడు.