దొడ్డమ్మ వైరాగ్యం

మా దొడ్డమ్మ మూడేళ్లపాటు పెళ్లిళ్లకు రాలేదు. పేరంటాలు మానేసింది. బస్సెక్కదు. గుళ్లో హరికథకైనా కూచోదు. 78 ఏళ్లొచ్చాయి, సంసారం మీద మమకారం తెగింది గాబోలు అనుకున్నాం. చెప్పొద్దూ, "మా దొడ్డమ్మ జీవన్ముక్తురాలు" అని నలుగురిలో గొప్పలు కూడా పోయాను.

అసలు సంగతి పనిమనిషి వల్ల బయటపడింది. ఆవిడ పాత చీరలు చింపి, మడతలు పెట్టి కట్టుకుంటోందిట. పెద్దపేగు చివరి భాగం ఆసనం గుండా బయటికి జారుతోంది. మొదట్లో దొడ్డికెళ్లినప్పుడే, తర్వాత్తర్వాత దగ్గినా, లేచి నిలబడినా. చేత్తో లోపలికి నెట్టుకోవాలి. వయసు మళ్లిన ఆడవాళ్లలోనే ఇది ఎక్కువట. సుశ్రుతుడు దీన్ని గుదభ్రంశమని, క్షుద్రరోగాల్లో వేశాడు. క్షుద్రమంటే చిన్నదని! ఆ మహానుభావుడు మా దొడ్డమ్మనడిగి ఉండడు.

"ఈ వయసులో ఆపరేషనెందుకు? ఇలాగే నెట్టుకొద్దాం" అన్నాడు వాళ్లబ్బాయి, మా పెద్దన్నయ్య. నేనూ తలూపాను.

డాక్టరు ఒప్పుకోలేదు. ఇప్పుడు పొట్టంతా కొయ్యనక్కర్లేదట. అరసెంటీమీటరు, సెంటీమీటరు బెజ్జాలు మూడు నాలుగు పెట్టి, కార్బన్ డయాక్సైడుతో పొట్ట ఉబ్బించి, కెమెరాలో చూస్తూ, జారినదాన్ని పైకి లాగి వెన్ను అడుగు ఎముకకు బిగిస్తారు. గాయం చిన్నది గనక త్వరగా లేచి తిరగొచ్చు. కాకపోతే పూర్తి మత్తివ్వాలి, తల కిందికి వాల్చాలి. గుండే ఊపిరితిత్తులూ తట్టుకోవాలి. తట్టుకోలేనివాళ్లకు వెన్నులో మత్తిచ్చి కిందినుంచే చేసే పద్ధతి ఉంది. అది మళ్లీ జారే అవకాశం ఎక్కువంటారు. ఏదైనా, పరీక్షలు చూసి చెప్పాలిగాని పుట్టినతేదీ చూసి కాదన్నాడు.

మేం లెక్కల్లో పడ్డాం. ప్రమాదమెంత, ఖర్చెంత, ఆసుపత్రిలో ఎవరుండాలి? (నా మనసులో ముందుగా మెదిలింది ఆ మూడోదే.) ఇదే జబ్బు నాకు ముప్పయ్యో ఏట వస్తే ఒక్క వారం ఆగేవాణ్ణా? మీరే చెప్పండి. నన్నడిగితే "ఈ వయసులో" అనే మాటలో జాలి పావలా, మన సుఖం ముప్పావలా. ఇంతలో ఆవిణ్ణడగాలని ఎవరికీ తోచలేదు. డాక్టరే అడిగాడు.

దొడ్డమ్మ గొంతు తగ్గించింది. "పేరంటానికెడితే గంటసేపు కూచోవచ్చా నాయనా?"

"అందుకేనమ్మా చేసేది."

"అయితే చెయ్యి. పోతే పోతాను."

ఏడాదయింది. రాత్రిళ్లు ఇసబ్గోలు తాగుతుంది, బిందె ఎత్తనివ్వం. మొన్న శ్రావణ శుక్రవారం వెళ్లిన మనిషి రెండు గంటలకుగాని రాలేదు. వాయనం శనగలు నా దోసిట్లో పోసి, "ఏరా, నా వైరాగ్యం ఏమైందని అడగవే?" అంది.